'ఎక్కు' ఎక్కడ నప్పుతుంది, ఎక్కడ నప్పదు?

అడిగినావిడ ప్రశ్న క్లుప్తంగా ఇది. వాళ్లది కావలి, పెరిగింది బెంగళూరులో. ఒక మొబైల్ యాప్‌కి తెలుగు అనువాదం చేస్తున్నారు. "పైకి వెళ్లడం అనే అర్థం వచ్చిన ప్రతిచోటా 'ఎక్కు' పెట్టేయొచ్చా? 'ధరలు ఎక్కాయి' అని రాస్తే మా రివ్యూయర్ కొట్టేశారు. నెల్లూరులో ఉండే మా అత్తగారు మాత్రం రోజూ అలాగే అంటారు. ఎగబాకు, ఎగయు, లేచు, పెరుగు... వీటిలో ఏది ఎప్పుడు వాడాలి?"

నేను ఒంగోలు, నెల్లూరు జిల్లా డెస్కుల్లో సబ్ ఎడిటర్‌గా పనిచేసి రిటైరయ్యాను. హెడ్డింగుకి క్రియ వెతుక్కోవడమే మా పని కాబట్టి ఈ మాటలతో రోజూ కుస్తీ పట్టినవాణ్ణే. ముందు జవాబు చెప్పేస్తాను.

ప్రతిచోటా పెట్టకూడదండీ. 'ఎక్కు'లో ముఖ్యమైంది పైకి పోవడం కాదు, ఒకచోటికి చేరి అక్కడ కుదురుకోవడం. చాలాసార్లు ఆ చోటు పైన ఉంటుంది కాబట్టి పైకి పోవడం కూడా కలిసొస్తుంది, అంతే. చేరడానికి చోటు లేకుండా ఊరికే పైకి లేచేదానికి 'ఎక్కు' అతకదు. ఇక ధరల సంగతి: మీ అత్తగారు అనేది తప్పు కాదు, మీ రివ్యూయర్ కొట్టేయడమూ అన్యాయం కాదు. అదెలాగో కాస్త ఆగి చెబుతాను.

పైకి పోవడం ముఖ్యం కాదని ఎందుకంటున్నానంటే, ఆసుపత్రిలో సెలైన్ చూడండి. సీసాను మంచం పక్కన స్టాండుకి, మనిషి కంటే ఎత్తులో తగిలిస్తారు. మందు చుక్క చుక్కగా గొట్టంలోంచి కిందికే వస్తుంది. అయినా మనం 'సెలైన్ ఎక్కిస్తున్నారు', 'రెండు సీసాల రక్తం ఎక్కించారు' అంటాం. 'దింపుతున్నారు' అని ఎవరూ అనరు. ఇప్పుడు కాలికి ముల్లు గుచ్చుకోవడం చూడండి. ముల్లు నేల మీద ఉంటుంది, అరికాలిలోకి పైకే పోతుంది. కానీ 'ముల్లు దిగింది' అంటాం. కిందికి పోయే సెలైన్ ఎక్కుతుంది, పైకి పోయే ముల్లు దిగుతుంది! ఒకటి ఒంట్లో చేరి పరుచుకుంటుంది, ఇంకోటి లోతుకి గుచ్చుకుంటుంది. తెలుగువాడి చెవికి ఆ తేడానే ముఖ్యం, దిక్కు కాదు.

సూదిలో దారం ఎక్కించేటప్పుడు దారం అడ్డంగానే పోతుంది. ఫోనుకి ఛార్జింగ్ ఎక్కకపోవడంలో పైనా లేదు, కిందా లేదు. మన రెండు జిల్లాల్లో ఏ ఎమ్మార్వో ఆఫీసు దగ్గర నిలబడినా వినబడే మాట ఒకటుంది: 'పొలం ఇంకా ఆన్‌లైన్ ఎక్కలేదు.' అంటే అడంగల్లోనో (ఊరి పొలాల రికార్డు) పాస్‌పుస్తకంలోనో తన పేరు పడలేదని. తాత పేరు మీద ఉన్న ఎకరా మనవడి పేరు మీదికి ఎక్కాలంటే ఎన్నిసార్లు తిరగాలో తిరిగినవాళ్లకి తెలుసు. కంప్యూటర్లు రాకముందు ఇదే మాట 'పద్దు ఎక్కించడం', 'లెక్కలోకి ఎక్కించడం' అని ఉండేది. పుస్తకం పోయి ఆన్‌లైన్ వచ్చింది, క్రియ మారలేదు. మీరు చేసే పనికి ఇది పనికొస్తుంది: తెలుగు వికీపీడియాలో ఫైల్ అప్‌లోడ్ చేయడానికి 'ఎక్కించడం', 'ఎక్కింపు' అనే మాటలే వాడుతున్నారు. బాగుంది, ఎందుకంటే అక్కడ చేరి కూర్చునే చోటు ఉంది.

చాలావరకు పనికొచ్చే పరీక్ష ఒకటి చెబుతాను. మీ వాక్యానికి 'దిగు'తో ఎదురు వాక్యం చెప్పి చూడండి. సహజంగా వస్తే 'ఎక్కు' నిక్షేపంగా వాడండి. బస్సెక్కాడు, బస్సు దిగాడు. మిద్దె ఎక్కింది, మిద్దె దిగింది. గద్దెనెక్కాడు, గద్దె దిగాడు. మత్తు ఎక్కింది, మత్తు దిగింది. పొగరెక్కింది, పొగరు దిగింది. 'ఓడ ఎక్కేదాకా ఓడ మల్లయ్య, ఓడ దిగాక బోడి మల్లయ్య' అనే సామెత ఈ జంట మీదే నడుస్తుంది.

అదే శ్రీహరికోట రాకెట్‌కి ఈ పరీక్ష పెట్టండి. 2022లో జిల్లాలు విడదీశాక అది తిరుపతి జిల్లాలోకి పోయింది కానీ, అంతకుముందు మా జిల్లా వార్తే. రాకెట్ పోయాక 'ఆకాశం దిగింది' అనం, కాబట్టి 'ఆకాశం ఎక్కింది' అనీ అనం. 2023 జులై 14న మధ్యాహ్నం 2.35కి చంద్రయాన్-3 బయల్దేరినప్పుడు 'నింగికెగసింది', 'దూసుకెళ్లింది' అన్నాం. 'నింగినెక్కింది' అని ఎవరైనా హెడ్డింగు పెట్టి ఉంటే డెస్కులో ఏడాదిపాటు ఏడిపించేవాళ్లు. నింగి మెట్టు కాదు, మంచం కాదు, అక్కడ కాలు పెట్టే చోటు లేదు.

ఎగయు / ఎగసిపడు ఇలాంటి వాటికే. మంట, అల, నిప్పురవ్వ, రాకెట్. ఆధారం వదిలి పైకి పోయేవి. 'ఎగసింది', 'ఎగిసింది' రెండు రూపాలూ పత్రికల్లో కనబడతాయి. నేను మొదటిదే రాసేవాణ్ణి. మీరు ఏది రాసినా యాప్ అంతా ఒకటే ఉండేలా చూసుకోండి.

లేచు కింద కుదురుగా ఉన్నది కదిలినప్పుడు. దుమ్ము లేచింది, గాలి లేచింది, గోడ లేచింది. ఇందులో చేరే చోటు కంటే వదిలిన చోటు ముఖ్యం. 'లేచి వెళ్లింది' అనాల్సిన చోట 'లేచిపోయింది' అన్నారనుకోండి, ఊళ్లో పంచాయితీ పెట్టాల్సొస్తుంది. అనువాదంలో జాగ్రత్త.

ఎగబాకు గురించి నాకు కొంచెం పట్టింపు ఉంది. ఇందులో ఉన్నది 'పాకడం'. బల్లి గోడ మీద పాకినట్టు, పట్టు దొరకబుచ్చుకుంటూ, కొంచెం కొంచెంగా. జట్టు తొమ్మిదో స్థానం నుంచి అయిదో స్థానానికి ఎగబాకింది, బాగుంది. సూచీ వారం రోజులుగా ఎగబాకుతోంది, అదీ బాగుంది. 'ఒక్కసారిగా ఎగబాకింది' అని కుర్ర సబ్ ఎడిటర్లు రాసుకొస్తే నేను కొట్టేసేవాణ్ణి. ఒక్కసారిగా ఎవరూ పాకరు. అక్కడ 'దూసుకెళ్లింది' అనో 'అమాంతం పెరిగింది' అనో ఉండాలి. ఇప్పుడు టీవీ స్క్రోలింగుల్లో రోజుకి పదిసార్లు వస్తోంది కాబట్టి ఈ పోరాటంలో నేను ఓడిపోయినట్టే, కానీ మీకు అవకాశం ఉంది కదా, పాటించండి.

ఈ 'ఎగ' అనే ముక్క గురించి ఇంకో రెండు మాటలు. ఎగువ, దిగువ అంటే పై వైపు, కింది వైపు. 'సోమశిల ఎగువన వానలు' అంటే సోమశిల జలాశయం నుంచి పెన్నా ప్రవాహానికి ఎదురుగా, కడప వైపు. ఎగుమతి, దిగుమతి కూడా ఈ జంటే. ఈ రోజు ఎగుమతి అనగానే కృష్ణపట్నం పోర్టు, విదేశాలకి సరుకు, డాలర్లు గుర్తొస్తాయి. లారీ యార్డులో హమాలీని అడగండి. అతనికి ఎగుమతి అంటే బస్తా లారీలోకి ఎత్తడం, దిగుమతి అంటే లారీలోంచి దించడం. పక్క ఊరికి పోయే ధాన్యం లారీకైనా అది ఎగుమతే. అందుకని మీ యాప్‌లో 'ఇంపోర్ట్ ఫైల్'కి 'దిగుమతి' అని రాస్తే తప్పు లేదు కానీ, చాలామంది 'డౌన్‌లోడ్' అనుకుంటారు. రెండింటికీ తేడా చూపించాల్సి వస్తే ఒకదాన్ని ఇంగ్లిష్ మాటగానే తెలుగు లిపిలో ఉంచేయండి, పాఠకుడికి మేలు.

ఎగదోయడం అనే మాట కట్టెల పొయ్యి మీద వండినవాళ్లకి బాగా తెలుసు. కట్టె చివర మండిపోయి మంట తగ్గుతుంటే, వెనకనుంచి కట్టెను పొయ్యిలోకి నెడతారు. 'ఆ కట్టెలు కాస్త ఎగదొయ్యి' అంటారు. కట్టె అడ్డంగా పోతుంది, మంట పైకి లేస్తుంది. ఇద్దరి మధ్య గొడవ చల్లారుతుంటే మూడోవాడు వచ్చి పుల్ల పెట్టడాన్నీ ఎగదోయడం అంటాం. ఇక బ్యాంకు అప్పు ఎగవేసినవాళ్లలో పైకి పోయేదేమీ లేదు, వాళ్లు విమానం ఎక్కితే తప్ప.

ఇప్పుడు వరద. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, సోమశిలకి వరద విరుచుకుపడింది, నెల్లూరు పక్కన పెన్నా భయపెట్టింది. అలాంటప్పుడు నదికి ఏ క్రియ వాడతాం? 'పెన్నా ఎక్కింది' అనం. పొంగింది, ఉప్పొంగింది, పోటెత్తింది అంటాం. ఈ 'పోటు' సముద్రం మాట. కొత్తపట్నంలోనో మైపాడులోనో బెస్తవాళ్లని అడిగితే ఆటు, పోటు రెండూ చెబుతారు. పోటు అంటే సముద్రం గట్టు మీదికి రావడం. పత్రికలవాళ్లం దాన్ని నదికి వాడి, అక్కడితో ఆగకుండా జనానికీ తగిలించాం: 'మాలకొండకు పోటెత్తిన భక్తులు'. ఆ గుడి శనివారం మాత్రమే తెరుస్తారు కాబట్టి ఆ హెడ్డింగు శనివారం మధ్యాహ్నానికే రెడీగా పెట్టుకోవచ్చు.

నదికి 'ఎక్కు' వాడం అన్నాను, కానీ నీళ్లకి వాడతాం. 'నీళ్లు వీధిలోకి ఎక్కాయి', 'చెరువు నీళ్లు కట్ట మీదికి ఎక్కాయి'. ఇక్కడ చేరే చోటు చెబుతున్నాం కాబట్టి. చోటు చెప్పకుండా 'నీళ్లు ఎక్కాయి' అంటే వినేవాడు 'ఎక్కడికి?' అని అడుగుతాడు. 'నీళ్లు పెరిగాయి' అంటే అడగడు. ఈ 'ఎక్కడికి?' అనే ప్రశ్న పుడుతోందా లేదా అన్నది నా రెండో పరీక్ష. ఇది మొదటిదానికంటే నిక్కచ్చిగా పనిచేస్తుంది.

'గట్టెక్కడం' కూడా నీళ్లలోంచి వచ్చిందే. ఏట్లో పడ్డవాడు ఈది గట్టు మీదికి చేరితే బతికినట్టు. ఇప్పుడు అప్పుల్లోంచి, పరీక్షలోంచి, ఆపరేషన్‌లోంచి అందరూ గట్టెక్కుతున్నారు. మనిషి ఎంత ఎత్తుకి పోయాడన్నది ఇందులో ఎవరికీ పట్టదు. గట్టు మీద కాలు ఆనిందా లేదా, అంతే.

సరే, ధరలకి వద్దాం.

మాట్లాడే తెలుగులో, ముఖ్యంగా మా వైపు, 'రేటు ఎక్కింది', 'రేటు దిగింది' రెండూ ఉన్నాయి. చేపల మార్కెట్‌లో 'ఏందబ్బా, ఇట్టా ఎక్కిపోయుండాది రేటు' అనకుండా బేరం మొదలవ్వదు. రొయ్యల రైతులైతే 'వంద కౌంట్ రేటు దిగింది' అంటారు (కౌంట్ అంటే ఏమిటో కింద చెబుతాను). రేటుని మెట్ల మీద నిలబడ్డ మనిషిగా చూసే పద్ధతి ఇది: నిన్న ఈ మెట్టు మీద ఉంది, ఇవాళ పై మెట్టు మీద ఉంది. సూళ్లూరుపేట, తడ వైపు తమిళం కూడా చెవిన పడుతుంది కదా, తమిళంలోనూ ధరకి ఎక్కడం అనే క్రియే వాడతారు. అందువల్ల అక్కడివాళ్లకి ఇది ఇంకా సహజంగా వినిపిస్తుంది.

రాసే తెలుగులో మాత్రం 'ధర' అనే మాట పక్కన 'పెరిగింది' స్థిరపడిపోయింది. 'రేటు ఎక్కింది' మాటల్లో బాగుంటుంది, 'ధరలు ఎక్కాయి' కాగితం మీద కుంటుతుంది. మాట్లాడే మాట పక్కన మాట్లాడే క్రియ, రాసే మాట పక్కన రాసే క్రియ. మీరు 'ధరలు' అని రాసి 'ఎక్కాయి' అన్నారు, రెండింటికీ పొత్తు కుదరలేదు. మీ రివ్యూయర్ చెవికి తగిలింది అదే. ఇదివరకు 'హెచ్చింది' అనే మాట కూడా బాగా నడిచేది. ఇప్పుడు ధరల హెచ్చుతగ్గుల్లో, దేవస్థానం తోటల వేలంలో వినిపించే 'హెచ్చుపాట'లో మిగిలింది. పాత బడి పుస్తకాల్లో గుణకారాన్ని హెచ్చవేత అనేవారు.

రొయ్యల కౌంట్ అన్నాను కాబట్టి, అనువాదకులకి ఒక హెచ్చరిక. కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క. వంద కౌంట్ అంటే చిన్న రొయ్య, ముప్పై కౌంట్ అంటే పెద్ద రొయ్య, ఎక్కువ ధర. అంటే కౌంట్ తగ్గిందంటే రొయ్య పెరిగింది, రైతు సంతోషంగా ఉన్నాడు. ఆక్వా వార్త ఒకటి హైదరాబాద్ డెస్కులో ఎవరో సరిచేస్తూ 'కౌంట్ తగ్గడంతో రైతుల్లో ఆందోళన' అని పెట్టారు. పొద్దున్నే మాకు ఫోన్లు. అంకె పైకి పోతే మంచి, కిందికి వస్తే చెడు అని ముందే అనుకుని క్రియ ఎంచుకోకండి.

'ఎక్కు'తో వచ్చే పలుకుబళ్లలో తమాషా చాలా ఉంది, ఇక్కడే కొత్తవాళ్లు బోల్తా పడతారు. కొండెక్కడం ఒక్కటే చూడండి. 'కొండెక్కి వచ్చాం' అంటే నెల్లూరోళ్లు తిరుమల వెళ్లొచ్చారని, లేకపోతే నరసింహకొండకో పెంచలకోనకో పోయొచ్చారని. 'టమాటా కొండెక్కింది' అంటే ధర అందకుండా పోయిందని. 'దీపం కొండెక్కింది' అంటే ఆరిపోయిందని! ఇంట్లో దేవుడి దగ్గర దీపాన్ని 'ఆరిపోయింది' అనడానికి పెద్దవాళ్లకి నోరు రాదు. కొండెక్కిందంటే దేవుడి దగ్గరికి పోయినట్టు, అశుభం పలకనట్టు. ఒకే మాట గుడికి పోవడం, అందకుండా పోవడం, ఆరిపోవడం. అనువాద సాఫ్ట్‌వేర్ ఏదైనా ఇక్కడ చేతులెత్తేస్తుంది.

ఇంకో జంట. ప్రాజెక్టు 'పట్టాలెక్కింది' అంటే మొదలైంది. ప్రాజెక్టు 'అటకెక్కింది' అంటే మూలన పడింది. రెండూ ఎక్కడమే. పట్టాలు కదలడానికి, అటక పాత సామాన్లకి. ఎక్కడం మంచిదా చెడ్డదా అన్నది ఎక్కిన చోటే చెబుతుంది. మన రెండు జిల్లాల్లో కొన్ని ప్రాజెక్టులు ఒకే పత్రికలో రెండూ ఎక్కాయి, పేర్లెందుకు గానీ.

మనిషిని పొగిడి ఉబ్బేయడాన్ని 'మునగచెట్టు ఎక్కించడం' అంటాం. మామిడిచెట్టు, వేపచెట్టు అని ఎందుకు అనలేదో మునగకొమ్మ ఎప్పుడైనా విరిచినవాళ్లకి తెలుస్తుంది. చేత్తో వంచితే పుటుక్కుమంటుంది. ఎక్కించినవాడు కింద నిలబడి నవ్వుతుంటాడు. ఇందులో 'ఎక్కించు' పక్కన చెట్టు పేరు మారిస్తే పలుకుబడే చచ్చిపోతుంది. 'ఉట్టికెక్కలేనమ్మ స్వర్గానికెక్కుతుందా' అన్న సామెత కొంచెం నయం, దాన్ని కొందరు 'ఎక్కు'తోనూ కొందరు 'ఎగురు'తోనూ చెబుతారు. ఉట్టి కోసం ఎగరనూ వచ్చు, ఏదైనా వేసుకుని ఎక్కనూ వచ్చు, రెండూ సరిపోతాయి.

విభక్తి విషయం ఒకటి చెప్పాలి, మీ యాప్‌లో వాక్యాలు కుదరడానికి అవసరం. మనిషి దేన్నైనా ఎక్కితే ఆ మాటకి సాధారణంగా ఏమీ చేర్చం: బస్సెక్కాడు, చెట్టెక్కాడు, రైలెక్కింది. రాతలో 'ను' రావచ్చు: గద్దెనెక్కాడు. 'మీదికి' చేరిస్తే అర్థం మారుతుంది. 'బస్సు ఎక్కాడు' అంటే లోపల కూర్చున్నాడు, 'బస్సు మీదికి ఎక్కాడు' అంటే టాపు మీద ఉన్నాడు. ఏదైనా మనిషికి ఎక్కితే మాత్రం 'కి', 'కు' తప్పదు: మత్తు తలకెక్కింది, చెప్పిన మాట చెవికెక్కలేదు, కళ్లు నెత్తికెక్కాయి. 'పాఠం తల ఎక్కలేదు' అని రాసి చూడండి, పాఠం నిచ్చెన వేసుకుని తల మీదికి పోవాలనుకుని మానేసినట్టుంటుంది.

నా 'దిగు' పరీక్ష ఎక్కడ పనిచేయదో కూడా చెప్పాలి. పాఠం తలకెక్కుతుంది, కానీ దిగదు. మరిచిపోతాం, అంతే. సినిమా తెరకెక్కుతుంది, ఆడకపోతే థియేటర్లోంచి 'ఎత్తేస్తారు'. జంట పెళ్లిపీటలెక్కుతుంది, దిగినట్టు ఎవరూ రాయరు. అన్నిటికంటే పొద్దు. 'పొద్దెక్కింది' అంటాం, 'పొద్దు దిగింది' చాలా అరుదు. పొద్దు వాలుతుంది, గూకుతుంది, కుంగుతుంది. చేలో పనికి పోయేవాళ్లకి ఇదే గడియారం. 'బారెడు పొద్దెక్కింది' అంటే సూర్యుడు నేల గీత నుంచి రెండు చేతులు చాచినంత పైకి వచ్చాడని, ఇంకా పడుకున్నవాణ్ణి తిట్టడానికి పనికొస్తుందని. 'జాము పొద్దెక్కింది' అంటే తెల్లారి మూడు గంటలైంది. పొద్దుకి ఆకాశంలో కాలు పెట్టే చోటు ఉందా అని మీరు నన్ను నిలదీయొచ్చు. లేదు. కానీ పల్లెటూరి కంటికి సూర్యుడు రోజూ ఒకే దారిన పోయే మనిషి, రాకెట్‌లాంటి కొత్తవాడు కాదు.

సంస్కృతం మాటలు: మెట్లు కట్టిన వరసకి 'ఆరోహణ' బాగుంటుంది. సంగీతంలో ఆరోహణ, లెక్కల్లో ఆరోహణ క్రమం. మీ యాప్‌లో చిన్నవాటి నుంచి పెద్దవాటికి వరస పెట్టే బటన్ ఉంటే, బడి లెక్కల్లో ఇదే నేర్పుతారు కాబట్టి 'ఆరోహణ క్రమం' అందరికీ తెలిసిందే. 'తక్కువ నుంచి ఎక్కువకి' అన్నా హాయిగా ఉంటుంది. 'అధిరోహించు' సింహాసనానికీ శిఖరానికీ. 2014 మే 25న మాలావత్ పూర్ణ పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కినప్పుడు పత్రికల్లో 'అధిరోహించింది' అనే మాట బాగా కనబడింది. నాకు 'ఎవరెస్టు ఎక్కింది' చాలనిపిస్తుంది. అంత చిన్నపిల్ల అంత పెద్ద కొండ ఎక్కిందంటే ఆ వాక్యానికి ఇంకా పెద్ద మాట తగిలించాల్సిన పని లేదు.

పక్క సందేహం ఒకటి ఎవరో కింద కామెంట్లలో అడిగారు: ఎక్కాలు కూడా ఇందులోంచే వచ్చాయా అని. రెండో ఎక్కం, మూడో ఎక్కం మెట్లలా ఉంటాయి కాబట్టి అలా అనిపిస్తుంది. కాదు. అది 'ఏకం' నుంచి వచ్చిన మాట. 'ఎక్కువ' మాత్రం ఈ ఎక్కు కుటుంబమే. విల్లు 'ఎక్కుపెట్టడం' కూడా ఇటువైపుదే. వింటి కొసకి నారి ఎక్కించి బాణానికి సిద్ధం చేయడం అసలు సంగతి, ఇప్పుడు తుపాకీ గురిపెట్టినా విమర్శ గురిపెట్టినా 'ఎక్కుపెట్టాడు' అంటున్నాం.

ఇంకొక్క జాగ్రత్త: 'ఎక్కు'కి పశువుల విషయంలో జత కట్టడం అనే వేరే అర్థం ఉంది. కర్మస్థానంలో మనిషి పేరు పెట్టి 'ఫలానావారిని ఎక్కు' లాంటి వాక్యం పొరపాటున కూడా తయారవ్వకుండా చూసుకోండి. ఆటల యాప్ అయితే మరీ.

మీ యాప్ సంగతికి నా సలహాలు ఇవి. అప్‌లోడ్‌కి 'ఎక్కించండి', లేదా అప్‌లోడ్ అనే ఉంచేయండి. ధర, రేటింగు, స్కోరు, ఫాలోవర్లు వీటన్నిటికీ 'పెరిగింది'. ర్యాంకుకి 'ఎగబాకింది' వాడొచ్చు, ఒకటి రెండు స్థానాలైతే 'మెరుగైంది' చాలు. కొత్త లెవెల్‌కి 'తర్వాతి లెవెల్‌కి చేరారు' అనండి. 'లెవెల్ ఎక్కారు' అని పిల్లలు అంటారు, యాప్ వాళ్ల కోసమే అయితే అదే పెట్టండి. తెర మీద వేలితో నెట్టడానికి 'పైకి జరపండి'. పేజీ చివర ఉండే బాణం గుర్తుకి చాలామంది 'పైకి వెళ్లండి' అంటారు, అది సరిపోతుంది. 'మొదటికి' ఇంకా బాగుంటుంది, కానీ ఒంటరిగా పెడితే 'కథ మొదటికొచ్చింది' అన్నట్టు, చేసిన పనంతా పోయిందేమోనని టెన్షన్ పడతారు. 'పేజీ మొదటికి' అని రాయండి.